మెదడు పరీక్షలో నా దవడ

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నా జ్ఞాపకశక్తి మీద నాకున్న నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. కొత్తగూడెంలో, మా బొగ్గుగని కార్మికుల కాలనీలో నన్ను ‘కంప్యూటర్’ అనేవారు. (ఆ పేరు పెట్టింది మా నాన్న, ఎక్కువగా వాడిందీ ఆయనే.) ఎక్కాలైనా పద్యాలైనా ముందుకీ వెనక్కీ ఊగుతూ బట్టీ పట్టేవాణ్ణి. మా ట్యూషన్‌లో అందరం అంతే, ఊగకపోతే చదువు తలకెక్కదనుకునేవాళ్లం. అందుకే ఖమ్మంలో మా కాలేజీకి పరిశోధకులు వచ్చి, చూసిన అంకెలను కాసేపు బుర్రలో నిలుపుకునే శక్తి మనిషికీ మనిషికీ ఎందుకు తేడాగా ఉంటుందో, అప్పుడు మెదడులో ఏం జరుగుతుందో పరీక్షిస్తామంటే అందరికంటే ముందు చెయ్యెత్తాను. నాన్న ఆ సంగతి తను గనికి వెళ్లే డ్యూటీ బస్సంతా చాటేశాడు. ఇక నేను నెగ్గకపోతే ఆయన అదే బస్సులో తలెత్తుకోవడం కష్టమే.

పరీక్షరోజు ఆయన డ్యూటీ మానుకుని మరీ నా వెంట వచ్చి, గదిలో ఓ మూల కూర్చున్నాడు. నా తలకు వైర్ల టోపీ తొడిగారు. తెరమీద వచ్చే అంకెలను గుర్తుపెట్టుకుని వెనకనుంచి చెప్పాలి. పైకి చదవొద్దన్నారు కనుక పళ్లు బిగబట్టి, అలవాటు కొద్దీ సన్నగా ఊగడం మొదలుపెట్టాను. పక్కనున్న కంప్యూటర్‌లో గీతలు ఒక్కసారిగా ఎగిసిపడ్డాయి.

“చూసిండ్రా, మావోని బుర్ర ఎట్ల ఉరుకుతున్నదో,” అన్నాడు నాన్న, తమ వంతు కోసం వరసలో నిలబడ్డ నా క్లాసువాళ్లతో.

మిషన్ దగ్గరున్న పరిశోధక విద్యార్థిని మొహమాటంగా నవ్వింది. “అంకుల్, అవి మెదడువి కావు. తమ్ముడు పళ్లు కొరుకుతుండు, ఊగుతుండు. దవడ బిగిస్తే మిషన్ల గట్లనే వస్తది.”

వరసంతా గొల్లుమంది. నాన్న మాత్రం చేతులు మోకాళ్లమీద పెట్టుకుని నేలచూపులు చూశాడు. కదలకుండా కూర్చోమనేసరికి నా బుర్రలో ఒక్క అంకె నిలిస్తే ఒట్టు. అంతా అయ్యాక ఆ అమ్మాయే ఓదార్చింది. “అంకెలు పెరిగేకొద్దీ మెదడుకు పని పెరుగుతది తమ్ముడూ. ఒక్కొక్కలకు ఒక్కో కాడ ఆగిపోతది. నీకు జర ముందే ఆగింది, గంతే.” (ఆ ‘జర’ నా చదువు పొగరంతా దింపేసింది.)

జూలూరుపాడు మీదుగా బండిమీద ఇంటికొస్తున్నంతసేపూ, బస్సంతా ఎందుకు చెప్పావని నాకు ఆయన మీదే కోపం. మర్నాడు పొద్దున డ్యూటీ బస్సు వచ్చేసరికి కర్టెన్ వెనక నక్కాను.

“ఏమైందన్నా మీ కంప్యూటర్ సంగతి?” బస్సు కిటికీలోంచి ఎవరో అడిగారు.

“మావోడు మంచిగనే చేసిండు. నేనే మిషన్ చూసి ఏందేందో కూసిన. మేడం నవ్వింది,” అన్నాడు నాన్న, బస్సెక్కుతూ.

బస్సంతా ఆయన్ను చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నా దాకా రాకుండా ఆయన తనమీద వేసుకున్నాడని అప్పుడు నాకు తట్టనే లేదు. హమ్మయ్య, నా పరువు దక్కిందనుకుని లోపలికెళ్లి ఇంత టిఫిన్ తిన్నాను. ఇప్పుడు అప్పటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు పూర్తిగా నవ్వలేను.