నారాయణగూడ కోల్డ్ రూంలో మా హిమాలయం

మంచుకొండల్లో చలికి చచ్చిపోయినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. నారాయణగూడలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆపిల్ పెట్టెల మధ్య చలికి చావబోయిన ఇద్దరు ఆడవాళ్ల గురించి మాత్రం విని ఉండరు. అందులో ఒకర్తెను నేను. రెండోది అశోక్‌నగర్‌లో మా పక్కింటి స్వప్న.

ఆ ఏడాది మాకు స్పితి పిచ్చి పట్టింది. హిమాచల్‌లో ఎక్కడో పైన, చెట్టన్నది మొలవని కొండల్లో టెంటు వేసుకుని పడుకోవాలి. అదీ సీజన్‌లో కాదు. సీజన్‌లో అక్కడ చిక్కడపల్లి మార్కెట్‌లా ఉంటుందట. మనుషుల్ని చూడ్డానికి అంతదూరం పోవాలా? అందుకని అందరూ దిగొచ్చేశాక అక్టోబరు ఆఖర్లో వెళ్దామనుకున్నాం.

అక్కడి గైడుకి ఫోన్ చేశాను. లైన్లో గాలి ఊళ పెడుతోంది. ఆయన హిందీలో చాలా మెల్లగా చెప్పాడు. "అప్పుడు ఇక్కడ ఎవరూ ఉండరు మేడం. గాలి ఒక్కటే ఉంటుంది. అది ఒక్కోసారి మనిషిలాగే పిలుస్తుంది. పలక్కండి."

"పలికితే?"

"మీరెప్పుడైనా చలిలో పడుకున్నారా?" అని మాత్రం అడిగాడు.

"మా ఇంట్లో ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుంటామండీ," అన్నాను గర్వంగా.

"ముందు చలి అలవాటు చేసుకుని రండి మేడం," అని ఫోన్ పెట్టేశాడు.

"గంతకే పరేషాన్ ఎందుకక్కా?" అంది స్వప్న. "ఈడనే ప్రాక్టీస్ చేద్దాం. మా మామకు నారాయణగూడల పండ్ల కోల్డ్ రూమున్నది."

మామ మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఏంది బిడ్డా, ఇంట్ల మంచాల్లేవా?" అని నవ్వి, "పగటీలి పనోళ్లు తిననీకి పోతరు. గప్పుడు రాండ్రి," అన్నాడు. మర్నాడు మాకు తలుపు తీసిపెట్టి, తనూ భోజనానికి బర్కత్‌పుర వెళ్లాడు. పనివాడు యాదగిరికి ఒక్క మాట చెప్పడం మర్చిపోయాడు. మా ప్రాణాల మీదికి వచ్చింది ఆ చెప్పని ఒక్క మాటతోనే.

లోపలికి అడుగుపెట్టగానే తలుపు దానంతటదే మూసుకుంది. రోడ్డు మీది బస్సుల మోత కత్తిరించినట్టు ఆగిపోయింది. పైకప్పు దాకా పెట్టెలు. గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ పట్టీలు. ఎక్కడినుంచో తెల్లటి పొగ. మేం పసుపురంగు టెంటు వేసి, టార్చి వేలాడదీసి, స్లీపింగ్ బ్యాగుల్లో దూరాం.

"జుట్టు ఇడిసెయ్యక్కా, చెవులకు చలి పెట్టది," అంది స్వప్న. ఇద్దరం విరబోసుకున్నాం. నేను జిప్పు గడ్డం దాకా లాగాను. అక్కడ ఇరుక్కుపోయింది. చేతులు లోపలే ఉండిపోయాయి. ఊరగాయ జాడీకి తలకాయ మొలిస్తే ఎలా ఉంటుందో, అలా ఉన్నాను.

కాసేపటికి గదిని చల్లబరిచే మెషిన్ ఆగింది. అంత నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను.

"అక్కా, ఏంది ఆ సప్పుడు?"

"నా గుండె."

"అది గాదు. ఇంకోటి."

ప్లాస్టిక్ పట్టీలు గలగలమన్నాయి. ఎవరో పాదాలు ఈడ్చుకుంటూ వస్తున్నారు. టెంటు దగ్గర ఆగారు. గుమ్మం దగ్గరి బల్బు వెలుగుకి గుడ్డ మీద నీడ పడింది. తల ఉంది, మెడ లేదు. మెల్లగా అయిదు వేళ్లు గుడ్డని లోపలికి నొక్కాయి.

"ఎవరూ..." అంది ఆ నీడ. అచ్చం మనిషి గొంతే.

"పలకద్దు!" అని గావుకేక పెట్టాను నేను.

టెంటు తెర తొలగింది. చలికి తలమీద గోనెపట్టా కప్పుకున్న యాదగిరి లోపలికి తొంగిచూశాడు. పాపం, అతనికి కనబడిందేమిటి? పసుపు వెలుగులో, తెల్లటి పొగలో, కాళ్లూ చేతులూ లేకుండా, జుట్టు విరబోసుకున్న రెండు ఆడతలకాయలు. అందులో ఒకటి పలకద్దంటోంది.

అతను అరిచాడు. మేం అంతకన్నా గట్టిగా అరిచాం. పరుగు. ధడేల్మని తలుపు. బయట గొళ్లెం పడిన చప్పుడు.

స్వప్న ఎలాగో బయటపడి తలుపు బాదింది. నేను బ్యాగుతోనే గెంతుకుంటూ వెళ్లి భుజంతో బాదాను. ఫోన్లలో సిగ్నల్ లేదు. చలి ఎముకల్లోకి దిగుతోంది.

"అక్కా, నా కాలివేళ్లు పోయినయ్."

"ఉన్నాయే, చూడు."

"కనబడ్తున్నయ్. తెలుస్తలేవు."

"మైనస్ పది ఉంటుందేమో."

"ఇరవై ఉంటది," అని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. నిజంగానే పోతాననుకున్నాను. ఇడ్లీపిండి పులిసిపోతోందని మా ఆయనకి చెప్పనైనా లేదు.

తలుపు తెరుచుకుంది. వెలుతురుకన్నా ముందు ఓ నిమ్మకాయ వచ్చి నా నుదుటికి తగిలింది. యాదగిరీ, పక్క టీకొట్టువాళ్లూ వేపమండలతో నిలబడి ఉన్నారు.

"అన్నా, మేం మనుషులం!" అంది స్వప్న.

"గట్లనే అంటయ్, నమ్మకుండ్రి!" అని ఇంకో నిమ్మకాయ విసిరాడు యాదగిరి.

అంతలో మామ పరుగెత్తుకొచ్చాడు కాబట్టి బతికిపోయాం. పళ్లు టకటకలాడుతుంటే అడిగాను. "మామగారూ, లోపల మైనస్ ఎంత?"

"మైనసేంది బిడ్డా? మైనస్‌ల పెడ్తే ఆపిల్సు ఖరాబైతయ్. ప్లస్ నాలుగు. మీ ఇంట్ల ఫ్రిజ్ అంత."

ఆ సాయంత్రమే స్పితి టికెట్లు రద్దు చేశాం. పాఠకులందరి సాక్షిగా, నిమ్మకాయ తగిలిన ఈ నుదుటి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పాలప్యాకెట్లు పడుకునే చోట నేను పడుకోను.