పెద్ద కోత కావాలన్న పెద్దకోడలు

పెద్దకోడలికి లాండ్రీలో పెట్టిన పేరు క్రేన్. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే చోటు అది. మిషన్లోంచి తీసిన తడి దుప్పట్ల మూటను ఇద్దరు మగవాళ్ళు చెరో కొస పట్టుకుని, మూలుగుతూ, ఒకర్నొకరు తిట్టుకుంటూ తోపుడుబండిలోకి చేరుస్తుంటే, ఆమె ఒక్కతే నడుం బిగించి ఎత్తి పడేసేది. ఆ పేరు విన్నప్పుడల్లా పైకి విసుక్కునేది గానీ లోపల పొంగిపోయేది. ఎవరు కాదంటారు, మెచ్చుకోలు ఎవరికి చేదు?

ఇంట్లోనూ అదే వరస. అన్నదమ్ములిద్దరి సంసారాలూ, అత్తగారూ అంతా మేడ మీద ఒకే వాకిట్లో ఉంటారు. తాగే నీళ్ళ క్యాన్లు బండివాడు మెట్ల కింద దించేసి వెళ్ళిపోతాడు. వాటిని పైకి మోసేదెవరో వేరే చెప్పక్కర్లేదు. బస్సు టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే ఆమె భర్త చెడ్డవాడేం కాదు. కాకపోతే ఇంట్లో పూచికపుల్ల తీసి పక్కన పెట్టే అలవాటు లేదు. ఆమె కూడా అలవాటు చెయ్యలేదు. ఎవరైనా పొరపాటున చెయ్యి వెయ్యబోతే "తప్పుకోండి, మీవల్ల కాదు" అనేది. అలా అనీ అనీ ఇంటి బరువంతా తన నెత్తికి రాయించుకుంది.

రెండో కాన్పు తర్వాత బొడ్డు పక్కన ఓ ఉబ్బు తేలింది. బరువెత్తినప్పుడు బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. వేలితో నొక్కి, పైన గుడ్డ బిగించి కట్టుకుని మళ్ళీ పనిలో పడేది. క్రేన్‌కి కూడా రిపేరు ఉంటుందని నలుగురికీ చెప్పుకోవడం ఆమెకు నామోషీ.

ఇలా ఉండగా చిన్నకోడలికి కడుపునొప్పి వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని చేసే ఉద్యోగం ఆ పిల్లది. అజీర్తి అనుకుని ఏవో మాత్రలు మింగింది. ఆస్పత్రికి చేరేసరికి అపెండిక్స్ లోపలే పగిలింది. చిన్న రంధ్రాలతో అయ్యే పని కాదని, పొట్ట కోసి లోపలంతా కడిగి కుట్టారు. బొడ్డు పైనుంచి కిందిదాకా పొడుగాటి కోత.

దగ్గరుండి చూసుకునే పని ఎవరికి పడుతుంది? లేపి కూర్చోబెట్టే సత్తువ ఉన్నది ఒక్కరికే. పెద్దకోడలు సెలవు పెట్టి వార్డులో చేరింది. నర్సు నేర్పిందంతా ఇట్టే పట్టేసింది. లేచేటప్పుడు తిన్నగా లేవకూడదు, పక్కకు తిరిగి, మోచేత్తో మంచాన్ని నొక్కి, కాళ్ళు కిందకి దించాలి. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గాలి. నొప్పిగా ఉందని పడుకునే ఉంటే పేగులు కదలవు, రక్తం గడ్డకడుతుంది, అందుకని మెల్లగా వరండాలో నడిపించాలి. పేగులు మేలుకునేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదు. నర్సు వచ్చినప్పుడల్లా గ్యాసు పోయిందా అని అడిగేది. చివరికి ఆ శుభకార్యం జరిగిన రోజున ఇంట్లో ఎవరికో ఉద్యోగం వచ్చినంత సంబరం. మరిది బంధువులందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పెద్దకోడలికి అక్కడే మొదటిసారి కన్ను కుట్టింది. తను ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు కూడా ఇన్ని ఫోన్లు మోగలేదే అనుకుంది.

ఇంటికొచ్చాక ఆ మంట ఇంకా పెరిగింది. మరిది పెళ్ళాం తల దువ్వాడు. అత్తగారు, వంకాయకు కూడా వంక పెట్టే మనిషి, చిన్నకోడలికి మెత్తగా వండి అన్నం కలిపి పెట్టింది. ఆ పిల్ల నవ్వితే కుట్లు లాగుతాయని ఇంట్లో ఎవరూ జోకులు వెయ్యకూడదన్నారు. ఇవన్నీ పెద్దకోడలు పళ్ళబిగువున ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. ఓ రోజు లాండ్రీ నుంచి వచ్చేసరికి భర్త నీళ్ళ క్యాన్ భుజాన పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. పైకి చేరి, ఆయాసపడుతూ, తమ్ముడి భార్య మంచం పక్కన దించాడు. "నీకు దాహమైతే చేతికందేట్టు ఉండాలి కదమ్మా" అన్నాడు.

తను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ మనిషి క్యాన్ ఎత్తడం చూడటం ఆమెకదే మొదటిసారి. ఎత్తగలడన్న సంగతే ఆమెకు తెలీదు. వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమింది.

ఓర్వలేనితనం ఊరికే కూర్చోదు కదా. కుట్లు విప్పాక ఓ సాయంత్రం చిన్నకోడలికి వినపడేట్టే అత్తగారి చెవిన వేసింది. "కుట్లు విప్పేశారు, ఇంకేముందత్తయ్యా? లేచి నాలుగు పనులు చేసుకుంటేనే ఒంటికి మంచిది." నడక మంచిదని డాక్టర్ చెప్పింది నిజమే, బరువులు ఎత్తొద్దనీ చెప్పింది. పెద్దకోడలు మొదటి ముక్క చెప్పి రెండోది మింగేసింది. మర్నాడు చిన్నకోడలు నోరెత్తకుండా బట్టల బకెట్ పట్టుకుని డాబా మెట్లెక్కబోయి, సగంలో పొట్ట పట్టుకుని కూలబడింది. అదృష్టం బాగుండి కోతకేం కాలేదు. పెద్దకోడలే ఎత్తుకుని కిందకి తెచ్చి పడుకోబెట్టింది. ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి ఆ పిల్ల కోత చూసొచ్చింది. అయినా మర్నాటికి మంట మళ్ళీ రాజుకుంది.

కొన్ని నెలలకు ఆమె ఉబ్బు మొండికేసింది. లోపలికి పోవడం మానేసి, గట్టిపడి, వాంతులు తెప్పించింది. ఆస్పత్రిలో పడుకోబెట్టి ఎలాగో లోపలికి నెట్టారు గానీ, హెర్నియా అని, ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుని కుళ్ళిపోతుందని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని తేల్చారు. భర్త మొహం పాలిపోయింది. పెద్దకోడలి మొహం మాత్రం వెలిగింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నిజం అదే. సంచిలో బట్టలు సర్దుకుంటూ, మంచం ఏ వైపు వేయించుకోవాలా అని కూడా ఆలోచించుకుంది.

సర్జన్ నడివయసు మనిషి, ఓపికగా మాట్లాడుతుంది. పొట్టకు ఓ పక్కన మూడు చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ, చిల్లు పడ్డ చోట లోపల వలలాంటి జాలీ అమరుస్తామని చెప్పింది. మర్నాడే ఇంటికి పోవచ్చంది.

"వద్దు డాక్టరుగారూ, పెద్ద కోతే పెట్టండి," అంది పెద్దకోడలు.

సర్జన్‌కి అర్థం కాలేదు. అందరూ చిన్న కోత కావాలని బతిమాలతారు, నీకెందుకు పెద్దది అని అడిగింది. పెద్దకోడలు కొంగు సర్దుకుంది. బయట కోత చిన్నదైనా లోపల కండ అతుక్కోవడానికి అంతే సమయం పడుతుందని, ఆరు వారాలు బరువు ముట్టుకోవద్దని, అది ఇంట్లోవాళ్ళకూ చెప్పమని సర్జన్ హెచ్చరించింది. పెద్దకోడలు తలూపింది గానీ, ఇంట్లోవాళ్ళు కంటికి కనపడిందే నమ్ముతారు, లోపల కండని ఎవరు చూడొచ్చారు?

అనుకున్నంతా అయింది. మర్నాడు ఇంటికి రాగానే అత్తగారు ఆ మూడు చిన్న పట్టీలు చూసి, ఇంతేనా, ముల్లు గుచ్చుకున్నా ఇంతకంటే పెద్ద కట్టు కడతారే అంది. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గాలి పూర్తిగా పోక భుజం సలుపుతోందంటే, పొట్టకి చేస్తే భుజం నొప్పేమిటని ఆశ్చర్యపోయింది. భర్త కౌంటర్లో ఎదురైన ప్రతివాడికీ "మా ఆవిడ ఇనుము, ఒక్క రోజులో లేచొచ్చేసింది" అని గొప్పగా చెప్పుకున్నాడు. తల దువ్వుతారా అని ఎదురుచూసిన మనిషి తన జడ తనే వేసుకుంది. అన్నింటికంటే గుచ్చుకున్నదేమిటంటే, మెట్ల కింద నీళ్ళ క్యాన్ అలాగే ఉంది. ఎవరూ ఎత్తమనలేదు. ఎవరూ ఎత్తనూ లేదు. ఆమె లేచి ఎత్తుతుందిలే అన్న నమ్మకంతో దాన్ని దాటుకుంటూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

కిందకి దిగి క్యాన్ మెడ పట్టుకుంది. పొట్టలో జాలీ గుర్తొచ్చి వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. చిన్నకోడలి మంచం పక్కన చేరిన క్యాన్ కళ్ళముందు మెదిలి ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన.

సందు చివర మందుల షాపుకు నెమ్మదిగా నడిచి వెళ్ళి, వెడల్పాటి ప్లాస్టర్, దూది కొనుక్కొచ్చింది. తలుపేసుకుని బొడ్డు పైనుంచి కిందిదాకా పొడుగ్గా అంటించింది. సాయంత్రం అందరికీ కనపడేట్టు పైట సర్దుకుంటూ, ఆస్పత్రికి వెళ్ళొచ్చానని, లోపల గట్టిగా లేదని మధ్యలో ఇంకో కోత పెట్టి కుట్టారని చెప్పింది. ఒక్క పూటలో కోత పెట్టి పంపించే ఆస్పత్రి ఏదని ఒక్కరూ అడగలేదు. ఆ పొడుగు చూసేసరికి అందరి నోళ్ళూ పడిపోయాయి. అత్తగారు అన్నం మెత్తగా వండింది. భర్త తన దిండు తెచ్చి ఆమె వీపు వెనక పెట్టాడు. క్యాన్ పైకి వచ్చింది.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. మరీ హాయి అనలేం, ఎందుకంటే ప్లాస్టర్ కింద దురద మొదలైంది. రోజూ కొత్తది అంటించుకునేది, రోజూ చర్మం ఇంకాస్త కందేది. ఎదుట మనిషి ఉంటే పొట్ట మీద చెయ్యి ఆనించి నొక్కుకునేది, లేకపోతే గోళ్ళతో గీరేది.

ఆ గీరడం చిన్నకోడలి కంట పడింది. కోత దగ్గర ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చెయ్యొద్దని తన కోత విషయంలో విన్నది ఆ పిల్లకి బాగా గుర్తుంది. వద్దంటున్నా వినకుండా గది తలుపేసి గడియ పెట్టింది. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తడుపుతూ ప్లాస్టర్ కొస లేపింది.

పెద్దకోడలు గోడవైపు మొహం తిప్పుకుంది. ఇల్లంతా నవ్వుతుంది, లాండ్రీ దాకా పోతుంది ఈ మాట. మెట్ల కింద క్యాన్ మళ్ళీ తనకోసం కాచుకుంటుంది.

ప్లాస్టర్ మొత్తం ఊడింది. ఎర్రగా కందిన చర్మం. దాని మీద కోత లేదు, కుట్టు లేదు. పక్కన మానిపోతున్న మూడు చిన్న మచ్చలు. చిన్నకోడలు ఆ మచ్చల్నీ, ఊడిన ప్లాస్టర్‌నీ మార్చి మార్చి చూసింది.

తర్వాత మళ్ళీ గుడ్డ తడిపి, కందిన చోటంతా తుడిచి, మెత్తగా అద్ది ఆరబెట్టింది. ఆస్పత్రిలో ఇచ్చిన నడుం బెల్టు మేకుకు వేలాడుతుంటే తీసి, లోపల పలచటి నూలుగుడ్డ పెట్టి పొట్టకు చుట్టింది.

"ప్లాస్టర్ వద్దక్కా, చర్మం పాడవుతుంది. బెల్టు చాలు. దాని కింద ఏముందో ఎవరు చూస్తారు?"

చిన్నకోడలు గడియ తీసి, తలుపు సందులోంచి బయటికి చెప్పింది.

"బావగారూ, అక్క కోత ఇంకా పచ్చిగానే ఉంది. ఆరు వారాలూ అయ్యేదాకా బరువు ముట్టుకోకూడదు. కింద క్యాన్ వచ్చినట్టుంది, కాస్త తెస్తారా?"

"అలాగేనమ్మా," అన్నాడు ఆయన. పేపరు మడిచిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

ఇంత తేలిగ్గా అడగొచ్చా అనుకుంది పెద్దకోడలు. ఆ మాట దాని నోటికి ఎలా వచ్చింది, తన నోటికి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు? బెల్టు సర్దుతున్న ఆ చేతులు చూస్తే ప్రేమ పొంగుకొచ్చింది, ఆ ప్రేమ వెనకే పాత మంటా వచ్చింది. మెట్ల మీద భర్త ఆయాసం దగ్గరవుతోంది. ఈసారి బరువు తనకోసమే పైకొస్తోంది. అడిగింది మాత్రం తను కాదు.