ఈ ఏడు లేవని పీరు

ఉసేనప్ప ముసల్మాను కాదు. ఆలూరు పక్క పల్లెలో కొర్రలు, ఆముదాలు పండించుకునే హిందువుల బిడ్డ. తల్లికి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, కడసారి కడుపుకు ఆమె పీర్ల చావిట్లోని ఉసేను పీరుకు మొక్కుకుంది. బిడ్డ బతికితే నీ పేరే పెడతాను, వాడి ఒంట్లో ఓపికున్నంత కాలం నిన్ను మోయిస్తాను అని. బిడ్డ బతికాడు. మీసం మొలిచినప్పటి నుంచీ ప్రతి మొహరానికీ ఆ పీరును ఎత్తుకున్నది అతనే.

పీరంటే అరచేతి ఆకారంలో ఉన్న ఇత్తడి రేకు. దాన్ని వెదురు గడకు కట్టి, పట్టుబట్టలు చుట్టి, ఖురానులోని ఫాతేహా చదివేది చావిడి చూసుకునే కాశింసాబు. ఆయన చదవనంత వరకు అది ఉత్త ఇత్తడే. ఎత్తుకుని చావిడి ముందరి నిప్పుల గుండం చుట్టూ తిరిగేది ఉసేనప్ప. ఆడవాళ్లు కొంగులో చక్కెర పెట్టుకుని నిలబడేవారు. ఎవరి దేవుడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కాశింసాబు పోయినేడు కన్నుమూశాడు. ఆయన కొడుకు జిలాను బయటూళ్లో మత చదువు చదివొచ్చినవాడు. మంచి పిల్లోడే, ఉసేనప్పకు జ్వరమొస్తే బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయినవాడు. మొహరం నెలపొడుపు కనపడిన మర్నాడు పీరు పెట్టెను తనే మోసుకొచ్చి ఉసేనప్ప ఇంటి తిన్నె మీద పెట్టాడు. లోకమంతటికీ అల్లా ఒక్కడేననీ, ఇత్తడి ముందర చదవడం తప్పనీ నిదానంగా చెప్పాడు.

"మీ మొక్కు సంగతి నాకు తెలుసు పెద్దనాయనా. అందుకే ఎవురికీ ఇయ్యకుండా మీకే తెచ్చిస్తాండా."

ఈ ఒక్క ఏడు వచ్చి కట్టి చదవమని ఉసేనప్ప బతిమాలాడు.

"మీకోసం దువా చేస్తా, ఈడనే కూచుని చేస్తా. దేవుడు అన్ని చోట్లా ఉండాడు గదా."

"అన్ని చోట్లా ఉండేటోడు శానా పెద్దోడప్పా. మాయమ్మ అంత దూరం మొక్కలేదు. ఆ చావిడి వరకే మొక్కింది."

జిలాను తల వంచుకుని వెళ్లిపోయాడు. సందు మలుపులో కళ్లు తుడుచుకున్నాడని కొందరు, లేదని కొందరు.

మర్నాడు ఉసేనప్ప చేని నుంచి వచ్చేసరికి, పెళ్లాం ఈరక్క పీరును చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, దేవుని పటాల మధ్య నిలబెట్టి టెంకాయ కొట్టి ఉంది. ఆ ఊళ్లో పీరుకు చక్కెరా పూలే తప్ప కుంకుమ లేదు. అతను గడపలోనే నిలబడిపోయాడు.

"ఇంట్లోకొచ్చిన దేవున్ని పస్తుంచుతారా యాడన్నా?" అంది ఆమె.

"అది మన దేవుడు కాదే."

"మరి ఇన్నేండ్లు ఎవురి దేవున్ని మోసినావయ్యా?"



పీర్లు లేచే రోజు ఊళ్లో తప్పెట మోగలేదు. ఎటుపోవాలో తోచక ఆడవాళ్లు చక్కెర పట్టుకుని ఉసేనప్ప ఇంటికే వచ్చారు. అతను తలారా స్నానం చేసి, కుంకుమ తుడిచి, పీరును తనే గడకు కట్టుకున్నాడు. ముడి సరిగా పడలేదు, బట్ట జారుతూనే ఉంది. ఎత్తి భుజానికి ఆనించుకుని కళ్లు మూశాడు. ఏటేటా కాశింసాబు చదవడం ముగియగానే రాయి మోపినట్టు ఆ భుజం కుంగేది, ఒళ్లు వణికేది, కాళ్లు వాటంతటవే గుండం వైపు నడిచేవి.  ఉసేనప్ప చాలాసేపు అట్లే నిలబడ్డాడు.

తర్వాత గడను మెల్లగా గోడకు ఆనించాడు.

"బరువు లేదమ్మా," అన్నాడు. "పోండి. చక్కెర పిల్లోల్లకు పెట్టుకోపోండి."