కాలువ నీళ్ళ టీ

ఇసోనోగారి వంటింటి సంగతులు హత్సుయోకి ఒకరు చెప్పక్కర్లేదు. వీధి వెంట పారే కాలువ ఆ వంటింట్లో దూరి బయటికొచ్చి, ఆ తర్వాతే హత్సుయో వంటింటి తొట్టిలోకి వస్తుంది. ముల్లంగి తొక్కలు కొట్టుకొస్తే ఆ పూట ఊరగాయ పెట్టినట్టు. మెతుకులు మరీ ఎక్కువైతే ఇసోనోగారి భర్త అలిగి తినకుండా లేచినట్టు. పొద్దున్న నీళ్ళలో చూసింది సాయంత్రానికి వీధంతా పంచితే గానీ హత్సుయోకి నిద్ర పట్టేది కాదు. తొట్టిలో మామగారి కాలం నాటి ముసలి చేపలు మూడుండేవి. మెతుకులు తిని, ముంచిన గిన్నెలు నాకి, సగం చాకిరీ అవే చేసేవి.

ఊరి కాలువలన్నీ చేరే బివా సరస్సు ఎర్రబడి కంపుకొట్టిన ఏడాది, బట్టలుతికే పౌడర్ల వల్లే ఇదంతా అన్నారు. ఊరి మహిళా సంఘం పౌడర్లు మానేసి, వంటకి వాడేసిన నూనెతో చేసిన సబ్బుపొడే వాడాలని తీర్మానించింది. సంఘానికి అధ్యక్షురాలు ఇసోనోగారే. ఇల్లిల్లూ తిరిగి, అటకలు కూడా వదలకుండా వెతికి, పౌడర్ డబ్బాలన్నీ పట్టుకుపోయారు.

నెల తిరక్కుండానే, సోమవారం సోమవారం హత్సుయో తొట్టిలోకి నురగ రావడం మొదలైంది. ఇసోనోగారి ఇంటికి ఎగువన పొలాలే తప్ప మరో ఇల్లు లేదు. చేపలు గిన్నెల జోలికి రాకుండా మూల చేరి నోళ్ళు తెరిచేవి. మూడో సోమవారం ఒకటి వెల్లకిలా తేలింది. అందరినీ ఆటపట్టించే హత్సుయో ఆ రోజు తొట్టి పక్కన కూర్చుని ఏడ్చింది. మిగిలిన రెండింటినైనా దక్కించుకోవాలి.

కానీ ఎగువ ఇంటివాళ్ళతో మీ నీళ్ళు బాగాలేవని ఆ వీధిలో ఎవరూ అనరు. అందులోనూ అధ్యక్షురాలితోనా? అందుకని ఆ పై సోమవారం, ఉతుకుడు అయ్యే వేళ చూసి, ఆవిణ్ణి టీకి పిలిచింది.

తాగడానికి ఇంట్లో ఊట వేరే ఉంది. హత్సుయో మాత్రం ఇసోనోగారి కళ్ళెదుటే కెటిల్‌ను కాలువలో ముంచింది.

"అదేంటమ్మాయ్, ఊట ఎండిపోయిందా?"

"మీ ఇంటి మీంచి వచ్చే నీళ్ళు కదండీ. ఇంతకంటే మంచివి ఊళ్ళో ఎక్కడున్నాయి?"

ఇసోనోగారు కనురెప్ప కూడా కదపలేదు. టీ కాగి వచ్చాక కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశారు.

"బాగుంది. నువ్వు తాగవేం?"

ఈ ముక్క హత్సుయో ముందుగా ఆలోచించుకోలేదు. పిలిచినావిడ తాగకుండా ఎలా కూర్చుంటుంది? తాగింది. పౌడర్ వాసన ముక్కుదాకా ఎక్కింది.

"ఇంకో కప్పు పొయ్యమ్మా."

"మీరడగాలే గానీ, దానికేం భాగ్యం."

రెండోది అయింది, మూడోదీ అయింది. ఎండల గురించీ నాట్ల గురించీ తీరిగ్గా మాట్లాడుకున్నారు. నాలుగో కప్పుకి కూడా హత్సుయో పంతం వదల్లేదు. ఐదోది ఎత్తబోతుంటే ఇసోనోగారికి పట్టు తప్పి టీ ఒలికింది. ఆవిడ చేతిని గబుక్కున ఒళ్ళో దాచుకోబోయారు గానీ, అల్లం కొమ్ముల్లా వాచిన వేళ్ళు హత్సుయో చూడనే చూసింది.

"సబ్బుపొడి అయితే రుద్దాలి. ఈ వేళ్ళు ముడుచుకోవు తల్లీ," అన్నారావిడ, తల దించుకుని. "మా ఆయన పొలంలో బురదంతా మోసుకొస్తాడు. పౌడరైతే నానబెడితే వదిలిపోతుంది. అందరి డబ్బాలూ లాక్కున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అనాలని దాచుకున్న మాటలు హత్సుయో దగ్గర బోలెడున్నాయి. అయినా ఆ వేళ్ళు చూస్తే జాలేసింది.

"బట్టలు మూట కట్టి ఇటు పంపండి. పెరట్లో సబ్బుపొడితో ఉతికి, ఆ నీళ్ళు తోటకి పోసేస్తాను."

"వీధిలో..."

"చెప్పనండి."

చెప్పలేదు కూడా. హత్సుయో జన్మలో కడుపులో దాచుకున్న సంగతి అదొక్కటే. చేపలు రెండూ బతికాయి. ఆమె పదకొండేళ్ళు ఆ బురద బట్టలు ఉతికింది.

మొదటి ఏడాది సంఘం సమావేశంలోనే ఇసోనోగారు భర్త చొక్కా పైకెత్తి అందరికీ చూపించారు. "చూడండి, సబ్బుపొడితో ఎంత తెల్లగా వచ్చిందో. ఒళ్ళు వంచి రుద్దాలి, అంతే. ఈ కాలం వాళ్ళకి అదే చేతకాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. రుద్ది రుద్ది ఒరుసుకుపోయిన అరచేతులతో హత్సుయో అందరికంటే గట్టిగా కొట్టింది.