తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు

మా వాడకట్టులో తాళం వేసిన ఇళ్ల ముందు కూడా తెల్లారేసరికి ముగ్గులుండేవి, నా చిన్నప్పుడు. మా పాలమూరు పల్లెల్లో పంటలైపోగానే మేస్త్రీ లారీ వచ్చేది. ఎక్కడో దూరాన కాలువలు తవ్వడానికి ఆడామగా మూటాముల్లె సర్దుకొని ఎక్కేవారు. మళ్లీ వానలు పడేదాకా సగం ఊరికి తాళాలే. మరి ఆ ముగ్గులు ఎవరు వేస్తున్నారు? దయ్యాలేనని మా పిల్లల తీర్మానం. అందరికంటే గట్టిగా వాదించినదాన్ని నేనే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మా బాపూ కూడా ఆ లారీ ఎక్కారు. బడి మానిపించడం ఇష్టం లేక నన్ను పక్కింటి అవ్వ దగ్గర వదిలారు. ఆమె మాకు చుట్టం కాదు. ఒంటరి మనిషి, మాట పెళుసు. ఒకనాడు తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే పక్కలో అవ్వ లేదు. భయంభయంగా బయటికొచ్చాను. తాళం వేసిన మా ఇంటి ముందు తెల్లటి ఆకారం ఒకటి వంగి కనిపించింది. కెవ్వుమన్నాను.

"ఒర్లకు. దయ్యం కాదు, నేనే," అంది అవ్వ నడుం పట్టుకొని లేస్తూ. "ముగ్గు లేకుంటే ఇల్లు సచ్చినట్టుంటది బిడ్డా. ఆళ్లొచ్చేదాక జర నేను జూస్కుంటున్న."

మా వైపు చావు జరిగిన ఇంటి ముందు దినాలయ్యేదాకా ముగ్గు వేయరు. అందుకని నాకు నేనే ఒకటి అనుకున్నాను: ముగ్గు ఉందంటే అమ్మా బాపూ బాగున్నట్టు. అప్పటినుంచి లేవగానే మొహమైనా కడగకుండా మా గడప దాకా పరిగెత్తి చూసొచ్చేదాన్ని. చూశాకే అన్నం ముద్ద గొంతు దిగేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి వాడకట్టు తీరు మారింది. నన్ను చూడగానే మాటలు ఆపేస్తున్నారు. ఎన్నడూ పలకరించని ఆవిడ పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఆ బెల్లం పట్టుకొనే మా గడప దాకా పరిగెత్తి చూశాను. ముగ్గు ఉంది. రోజూ వేసే నాలుగు గీతలు కాదు, వాకిలి నిండా తామరపువ్వు. హమ్మయ్య అనుకొని, మారు వడ్డించుకొని తిని, గెంతుకుంటూ బడికి పోయాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

ఐదో రోజు అమ్మ ఒక్కతే బస్సు దిగింది. చేతిలో బాపు చెప్పులున్నాయి. కాలువ గట్టు కూలి, బాపు మట్టి కింద చిక్కి చనిపోయాడట. అక్కడే దహనం చేశారు. కబురు నాలుగు రోజుల కిందటే ఊరు చేరింది. అమ్మ ఆ తామరపువ్వును చూస్తూ వాకిట్లోనే నిలబడిపోయింది. అవ్వ గబగబా వచ్చి కొంగుతో దాన్ని తుడిచేస్తూ ఏడ్చింది. "నువ్వొచ్చేదాక పిల్ల ఇంత తినాలె, పండాలె అనుకున్న. తప్పయితే తిట్టు తల్లీ."

అమ్మ తిట్టలేదు. నేనే క్షమించలేదు. బాపు పోయాక నాలుగు రోజులు నేను నవ్వుతూ తిరిగాను. అవ్వతో మాటలు మానేశాను. పెళ్లై జడ్చర్ల వెళ్లిపోయాను. ఆమె పోయినప్పుడు కూడా రాలేదు.

తెలంగాణ వచ్చాక మా చేలకు కాలువ నీళ్లు పారాయి. నేనూ కుట్టుమిషన్ వెంటబెట్టుకొని ఊరికొచ్చి, మా పాత ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. వలస పోయినవాళ్లలో కొందరే తిరిగొచ్చారు. మా వాడకట్టులో అప్పటికింకా మూడిళ్లకు తాళాలున్నాయి. ఎవరూ అడగలేదు గానీ మూడింటి ముందూ నేనే ముగ్గు వేసేదాన్ని. వేస్తుంటే వెనకాల ఎవరో నడుం పట్టుకొని నిలబడి, గీత వంకరపోయిందా అని చూస్తున్నట్టే ఉండేది. తిరిగి చూసేదాన్ని కాదు.

ఆ మూడిళ్లలో ఒకదానివాళ్లు ఒకసారి ఊరికొచ్చి, మళ్లీ పట్నంలో భవనాల పనికి పోతూ పదేళ్ల కూతుర్ని నా దగ్గర ఉంచారు. ఆ పిల్ల కూడా లేవగానే వాళ్ల వాకిలి చూసొచ్చేది. ఎందుకని నేను అడగలేదు. మొన్న శ్రావణంలో తెల్లవారకముందే వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"ఆయన పోయిండు పెద్దమ్మా. సాయంత్రానికి తీస్కొస్తున్నం."

ముగ్గుపిండి చేతిలో పట్టుకొని వాళ్ల గడప ముందు చాలాసేపు నిలబడ్డాను. ఈ ఒక్కరోజు వేయకూడదనీ, పిల్లను లేపి చెప్పేయాలనీ గట్టిగానే అనుకున్నాను. ధైర్యం చాలలేదు. వంగి తామరపువ్వు వేశాను. పిల్ల వచ్చి చూసి, నవ్వి, ఆ పూట కడుపునిండా తింది.

సాయంత్రం అన్నీ తెలిశాక ఆ పిల్ల నావైపు చూసిన చూపు నాకు కొత్తది కాదు. తల్లీకూతుళ్లు ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నారు. వాళ్ల ముగ్గు వాళ్లే వేసుకుంటున్నారు. పిల్ల మాత్రం నాతో మాట్లాడదు. మాట్లాడమని నేనూ అడగను. అవ్వ కూడా నన్ను ఎన్నడూ అడగలేదు.