కరకర వినిపించేదాకా

ముప్పై ఒక్క ట్రాక్టర్ల మామిడికాయల్ని ఒక్క స్విచ్చుతో మాయం చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ పేజీ వదలకండి. ఆ ఘనుణ్ణి నేనే. కాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ట్రాక్టర్లూ ఉన్నాయి. వాటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పే లెక్క మాత్రం గాల్లో కలిసిపోయింది. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు అంతకంటే పెద్ద ప్రళయం ఉండదు.

ఇళ్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. మద్రాసు నుంచి మా చిన్నమామ తెచ్చిచ్చిన చిన్న కంప్యూటరు ఒకటి నా దగ్గర ఉండేది. టీవీకి తగిలిస్తే గానీ దాని ముఖం కనిపించేది కాదు. పక్కనే ఫ్లాపీ పెట్టె ఒకటి. తిరుపతిలో డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక, జ్ఞానం మాత్రం పొంగిపొర్లుతున్న రోజులవి. చిత్తూరు దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరుగారి దగ్గరికి వెళ్లి, "సార్, మీ గేటు దగ్గర వరసంతా నా కంప్యూటరు చూసుకుంటుంది" అన్నాను. ఆయన పాపం నమ్మారు.

అప్పటిదాకా ఆ పని వాచ్‌మన్ మునిరత్నమన్నది. వచ్చిన రైతు పేరు నోటుబుక్కులో రాసుకుని, వరసగా లోపలికి పంపేవాడు. తోతాపురి కాయ కోసిన మూడో రోజుకే మెత్తబడుతుంది. వరస తప్పితే సరుకంతా రోడ్డు పక్కన పారబోసుకోవడమే. అందుకే రైతులు ట్రాక్టర్లను ఎర్రటి ఎండలో ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, కదలకుండా కూర్చునేవాళ్లు.

నేను గేటు పక్క షెడ్డులో కిటికీ ముందు కూర్చుని, మొదటి రోజే మైకు పట్టుకున్నాను. "ఇంక ఎండలో నిలబడే పనిలేదు. కిటికీ దగ్గర పేరు చెప్పి, నీడ ఎక్కడుంటే అక్కడ బండి ఆపుకోండి. వరస మెషిన్‌కు గుర్తుంటుంది!"

"నోటుబుక్కులో కూడా ఒక మాట రాసిపెట్టుకుందామా అబ్బోడా?" అన్నాడు మునిరత్నమన్న.

"ఎందుకన్నా అది? ఆ కాగితాలతో పొట్లాలు కట్టుకో."

ఆయన ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక్కో పేరు కొట్టగానే ఫ్లాపీ పెట్టె కరకరమంటూ దాన్ని రాసుకునేది. అది తెమిలేలోగా కిటికీ అవతల ఇద్దరు తుండుగుడ్డలు దులుపుకునేవాళ్లు, ఒకరు చుట్ట ముట్టించేవాళ్లు.

"ఏమప్పా, నీ పెట్టె నా కాయలు నములుతా ఉండాదా ఏంది?" అంది సుబ్బమ్మక్క. పూతలపట్టు వైపు మనిషి. ట్రాక్టరు తనే తోలుకొచ్చేది, నోరు ట్రాక్టరు కంటే గట్టిది.

"రాసుకుంటోందక్కా."

"మా రత్నమన్న బిన్నా రాసేసేవాడు గదప్పా!"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే ప్రోగ్రాం తిరగరాశాను.

నా ఉపాయం మీకు అర్థం కావాలంటే చంద్రగిరి పోయే షేర్ ఆటోను తలుచుకోండి. ఒక్కో మనిషికి ఒక్కో ట్రిప్పు వేయదు కదా, నిండాకే కదులుతుంది. అలాగే పేర్లన్నిటినీ కంప్యూటరు మెమరీలో కూర్చోబెట్టి, నలభై నిండగానే ఒక్కసారిగా ఫ్లాపీ మీదికి పంపడం. నలభై కరకరల బదులు ఒక్కటే కరకర. మధ్యలో కరెంటు పోతే మెమరీలో ఉన్నవాళ్లు గల్లంతవుతారని నాకు తెలుసు. అంత తెలివితక్కువవాణ్ణా? లారీ బ్యాటరీతో నడిచే ఇన్వర్టరు కూడా పెట్టించాను.

మర్నాడు కిటికీ దగ్గర నా వేగం చూడాల్సింది. పేరు చెప్పడం ఆలస్యం, "తర్వాత!" అనేవాణ్ణి. కరెంటు మూడుసార్లు పోయింది. నా టీవీ రెప్ప కూడా వేయలేదు. సాయంత్రం మేనేజరుగారిని పిలిచి తెర మీది అంకె చూపించాను.

"మొత్తం డెబ్భై ఒకటి సార్!"

"భలే పనోడివయ్యా," అని ఆయన భుజం తట్టారు.

ఆ భుజాన్ని ఎగరేసుకుంటూ, కంప్యూటరు స్విచ్చు ఆపి ఇంటికి వెళ్లాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీరే లెక్కవేయండి. నలభైమందితో మొదటి ఆటో వెళ్లింది. రెండో ఆటోలో ముప్పై ఒక్కమంది కూర్చుని ఉన్నారు. ఆటో నిండలేదు, కాబట్టి కదల్లేదు. వాళ్లు లోపల ఉండగానే డ్రైవరు దీపాలార్పి అన్నానికి పోయాడు. కరెంటోళ్లు చేయలేని పనిని నా వేలే చేసింది.

పొద్దున్నే, బళ్లను లోపలికి పంపడానికి మైకులో పేర్లు పిలిచాను. నలభయ్యో పేరు కృష్ణారెడ్డి దగ్గర జాబితా ఆగిపోయింది. మీటలు నొక్కాను. ఫ్లాపీ తీసి ఊది మళ్లీ పెట్టాను. తర్వాత నొక్కడానికీ ఊదడానికీ ఏమీ మిగల్లేదు.

"తర్వాత ఎవురప్పా?"

"అదీ... మెషిన్ కాస్త..."

"మెషిన్ ఏమైంది?"

"మరిచిపోయింది."

చింతచెట్ల కింద నుంచి, రోడ్డు మలుపు నుంచి, ఎక్కడెక్కడి నీడల నుంచో ట్రాక్టర్లన్నీ ఒక్కసారిగా గేటు మీదికి వచ్చాయి. "నేను ముందు!" "యాడ ముందు? నువ్వు కాఫీ తాగొచ్చేటప్పటికే నేనీడ ఉండా!" హారన్లు. మునిరత్నమన్న గేటుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. కాయల వాసన అప్పటికే తియ్యగా మారుతోంది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది నాకు.

ఆ గుంపులోంచి మా నాయన వచ్చాడు. ఆయన ట్రాక్టరూ అక్కడే ఉంది. ఏడాది కాపులో మంచి కాయంతా అందులోనే ఉంది.

"ఏడ్సబాకరా. వరస యాడికీ పోలేదు. కిటికీ కాడ తన ముందర ఎవురు నిలబడినారో ప్రతి మనిషికీ తెలుసు గదా. ఒక్కొక్కర్నే అడుగు."

మునిరత్నమన్న నోటుబుక్కు తీశాడు. "కృష్ణారెడ్డి వెనక ఎవురు?" "నేను," అంది సుబ్బమ్మక్క. "సుబ్బమ్మ వెనక?" "నేనప్పా, ఆమె కొంగు ముల్లుకు తగులుకుంటే తీసిచ్చినా." ఒకరి వెనక ఒకరు దొరుకుతుంటే కేకలు తగ్గాయి, నవ్వులు మొదలయ్యాయి. చూస్తుండగానే ముప్పైమంది తేలారు.

"నిన్న మొత్తం డెబ్భై ఒకటి అన్నావే, నలభై పోను ముప్పై ఒకటి ఉండాలి కదా?" అన్నారు మేనేజరుగారు.

"ఎవురి వెనకా లేనోడు ఎవుడబ్బా?" అంది సుబ్బమ్మక్క.

నేను నేల చూశాను. పాఠకులారా, ఒక చిన్న సంగతి మీ దగ్గర కూడా దాచాను. ముందు రోజు మధ్యాహ్నం నాయన నాకు క్యారియరు ఇవ్వడానికి షెడ్డు వెనక తలుపు గుండా వచ్చాడు. ఆయన పప్పన్నం గిన్నె విప్పుతుండగా, నేను కిటికీ దగ్గరి వాళ్లను కాసేపు ఆపి, ఆయన పేరు కొట్టేశాను. ఆయనకు కూడా చెప్పలేదు; మర్నాడు కిటికీ దగ్గర నిలబడొచ్చులే అనుకుని ఆయన వెళ్లిపోయాడు. మెషిన్ మరిచిపోయిన తప్పును మనుషులు పట్టేశారు.

నాయన నా ముఖం చూశాడు, అర్థమైపోయింది. "నేను కిటికీ కాడ నిలబళ్లేదు. నాది కడాకు రాసుకో రత్నమన్నా," అని వెళ్లి తన ట్రాక్టరు పక్కన కూర్చున్నాడు.

ఆ పగలంతా ఎండ నా వీపు మీదే కాసినట్టుంది. సాయంత్రానికి ఆయన వంతు వచ్చింది. మేనేజరుగారు కాయ నొక్కి చూశారు. "ఇంకా గట్టిగానే ఉంది, పోనీ" అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

నాయన నిన్న తను నిలబడని కిటికీ దగ్గరికి నేరుగా వచ్చి పేరు చెప్పాడు. కొట్టాను. పాత పద్ధతిలో, ఒక్క పేరుకు ఒక్క కరకర. చెవి కిటికీకి ఆనించి పూర్తిగా విన్నాడు.

"రాసుకునిందా?"

"రాసుకుంది నాయనా."

"అట్టయితే సరే."

అంతే, ఆ సీజనంతా కరకర వినపడందే కిటికీ వదిలిన రైతు లేడు. "ఇంకా నమల్లేదప్పా, ఉండు!" అని సుబ్బమ్మక్క వెనకవాళ్లను ఆపేది. మునిరత్నమన్న నోటుబుక్కు నా టీవీ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

ఆ రోజు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఆటో నిండినా నిండకపోయినా, లోపల కూర్చున్న ఆఖరి మనిషిని దించకుండా స్విచ్చు ముట్టను. ఇన్నేళ్లుగా ప్రోగ్రాములు రాసుకునే బతుకుతున్నాను, ఒక్కసారీ తప్పలేదు. ఇప్పటి కంప్యూటర్లు కరకరమనవు కాబట్టి, సేవ్ మూడుసార్లు నొక్కి, ఎందుకైనా మంచిదని చెవి ఆనిస్తాను. ఈ జ్ఞాపకం కూడా పేరాకొకసారి అలా విని మరీ రాశాను. వెనక తలుపు గడియ వేసే ఉంది.