ఊరు సుత్తొచ్చిన ఎండాకాలం

ఇందాక ఫోనులో అడిగావు కదా బుజ్జీ, రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ ఊరు చూడ్డానికి పోవచ్చా అని. పో తల్లీ. తలకు టోపీ పెట్టుకుని పో, చీకటి పడకముందే గదికొచ్చి పుస్తకం తియ్యి. పరాయి దేశంలో ఎండాకాలం చదువంటే అంతే మరి. నాకెలా తెలుసంటావా? నేనేనాడూ సముద్రం దాటలేదు. సముద్రం దాటి ఒకమ్మాయే మనింటికి చదువుకోవడానికొచ్చింది.

మీ తాత పోయిన మరుసటి ఎండాకాలం అది. నువ్వింకా పుట్టలేదు. జార్జి టౌన్‌లో ఈ ఇల్లే. కింద ధనియాల మండీ, పైన మేము. తాతతో పాటు ఇంట్లో తెలుగు కూడా పోయిందని ఎవరూ గమనించలేదు, నాకూ వెంటనే తెలియలేదు. మీ పెదనాన్నా పెద్దమ్మా తమిళంలోనే మాట్లాడుకునేవాళ్ళు, నాతోనూ అంతే. నాతో తెలుగులో పోట్లాడే మనిషి ఆయనొక్కడే. ఏడుపేమీ రాలేదు నాకు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుంది? మనదేనని తెలుసు, తాకితే తెలియదు. అలా ఉండేది. ఒకరోజు మీ పెదనాన్న వచ్చి, పోలండు నుంచి ఒకమ్మాయి ఇక్కడి కాలేజీలో తెలుగు నేర్చుకోవడానికి వస్తోంది, మేడమీది గది ఇద్దాం, నీతో తెలుగు మాట్లాడుతుంది అన్నాడు. ఆ సంగతీ తమిళంలోనే చెప్పాడు.

ఆ పిల్ల వచ్చిన పూట నా ముందు చేతులు కట్టుకుని, "అవ్వగారూ, తమరు భోజనము చేసితిరా?" అంది. మీ పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. పది పదిహేను రోజులు తిరిగేసరికి అదే పిల్ల, "అవ్వా, ఆకలేస్తా ఉండాది, బెరీన పెట్టు" అనడం మొదలుపెట్టింది.

పొద్దున క్లాసు, మధ్యాహ్నం హోంవర్కు, సాయంత్రం ఊరు. సాయంత్రం ఒక చోటు చూసి రావాలి, మర్నాడు క్లాసులో దాని గురించి తెలుగులో చెప్పాలి, ఇదీ వాళ్ళ సారు పెట్టిన పని. నేను కదలనంటే చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టేది. "నువ్వు రాకపోతే నాకు మాట్లు రావు అవ్వా." పోయేదాన్ని. మైలాపూరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, అదేంది, ఇదేంది అని ఆమె అడుగుతుంటే నేను చెప్పేదాన్ని. ఆమె ఊరిని చూసేది, నేను ఆమెను చూసేదాన్ని. బీచిలో అల వచ్చి పోయిందని తడిసిన చీర కుచ్చిళ్ళు చూస్తేనే తెలిసింది నాకు.

ఒక మధ్యాహ్నం మొహం మాడ్చుకుని వచ్చింది. క్లాసులో లేచి, "నిన్న మా అవ్వతో ఊరు సుత్తినాను" అందట. సారు హైదరాబాదాయన. "ఏమ్మా, ఊరిని సుత్తి పెట్టి కొట్టావా?" అన్నాడట. అందరూ నవ్వారట.

"సుత్తడం తెలుగు కాదంట అవ్వా. తమిళమంట. తిరిగాను అనాలంట. నువ్వెందుకు చెప్పినావు?"

"మేమట్లే అంటాం పాపా."

"ఎప్పట్నుంచి?"

"మా అవ్వ కాలం నుంచి."

అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను. ఆదివారం పూట మండీ మూసి, పైకి కూడా రాకుండా మెట్ల కింద నిలబడి మీ తాత అరిచేవాడు. "ఏమే, వస్తావా? సుమ్మా అట్లా ఊరు సుత్తొస్తాం!" నన్ను రమ్మని పిలవడానికి ఆయనకు తెలిసిన మాట అదొక్కటే. మనిషి పోయాడు, ఇప్పుడు మాట కూడా తప్పంటున్నారు. ఆ పూట బుగ్గ మీద ఎవరో చిన్నగా గిచ్చినట్టయింది.

ఆఖర్న నోటి పరీక్ష. చూసిన చోటు గురించి బయటి నుంచి వచ్చినాయన ముందు చెప్పాలి. తప్పితే వాళ్ళ దేశంలో ఈ చదువు లెక్కకు రాదట, సంవత్సరం పోతుందట. వారమంతా మాట్లు వల్లె వేయించింది నేనే. "ఆడ సారు చెప్పినట్టే తిరిగొచ్చినాం అను. మన మాట ఈడ ఇంట్లోనే ఉండనీ" అని చెప్పి పంపించాను. ఏమనిపించిందంటావా? ఏమీ లేదు. నెత్తిన నూనె రాసి పంపించాను, అంతే.

పాసయింది. గంతులేస్తూ మెట్లెక్కి వచ్చింది గానీ, ఆ సాయంత్రమే విమానం. మూటాముల్లె సర్దుకోవడంతోనే సరిపోయింది. టాక్సీ కదులుతుంటే గుర్తొచ్చి కిటికీ దగ్గరికి పోయి అడిగాను. సందులో తోపుడుబండివాడు దారి దారి అని అరుస్తున్నాడు. నేను జాగ్రత్తలు చెబుతున్నాననుకుందేమో, "సరి అవ్వా, సరి సరి!" అని చెయ్యి ఊపుతూ పోయింది. తర్వాత ఒకసారి ఫోను చేసిందట, నేను ఇంట్లో లేను.

ఎన్ని ఎండాకాలాలు పోయాయో. ఆ బుగ్గ మళ్ళీ ఎప్పుడు నాదయిందో నాకే తెలియదు, అలాంటివి చెప్పి రావు. ఇప్పుడీ ఇంట్లో ఆ మాట అనేది నేనొక్కదాన్నే. టాక్సీ కిటికీ దగ్గర అడిగింది మాత్రం అలాగే ఉండిపోయింది: ఆ పొద్దు పరీక్షలో తిరిగొచ్చినాం అన్నావా పాపా, సుత్తొచ్చినాం అన్నావా?